తాత ముక్కు

సొరని పట్టడం విద్య కాదు, అనేవాడు ఎలాదియో తాత.
గాలానికి సగం సార్డీన్ గుచ్చి
నూట ఇరవై గాలాలు అడుక్కి దింపితే
వెర్రి సొర కూడా పడుతుంది.
పట్టాక చేసేదే విద్య.

పడవలోకి రాగానే తోక కోసెయ్యాలి.
అంచు మీంచి వేలాడదీస్తే
నెత్తురు కాదిస్ నీళ్ళలోకి
సన్నటి దారంలా దిగిపోతుంది.
"దీనికి ఉచ్చ దాచుకునే బుద్ధి పిల్లా,
బతికినన్నాళ్ళూ నెత్తుట్లో మూటగట్టుకుని
చచ్చాక ఒళ్ళంతా పంచిపెడుతుంది.
మా మేనత్త ఆస్తిలాగ."

రెండు మూరల సొర.
పీతల్ని నమిలే జాతి కాబట్టి కోరలుండవు,
వాడి వాడి అరిగిన నూరుడుబండలా ఉంటుంది నోరు.
తల నుంచి తోకకి నిమిరితే పట్టు.
తోక నుంచి తలకి నిమిరితే
అరచెయ్యి ఎవరిదో మర్చిపోతావు.

తాతకి వాసన తెలీదు.
పడవ కొనకముందు ఐసు ఫ్యాక్టరీలో పని.
ఓ రాత్రి అమోనియా గొట్టం పగిలితే
ఇద్దరు బయటపడ్డారు.
బాల్తసార్‌కి కళ్ళు పోయాయి, ఈయనకి ముక్కు.
"బేరంలో నేనే గెలిచాను" అనేవాడు,
బాల్తసార్ వినేలా ఎప్పుడూ అనేవాడు కాదు.

చెడిన సొర కొట్టేదీ ఆ వాసనే.
ఒక్క వాసన తెలిస్తే చాలు ఆయన వృత్తికి.
అదే మిగతా వాటన్నిటినీ తనతో తీసుకుపోయింది.

అందుకని ఆరేళ్ళకి నన్ను పడవెక్కించారు.
తెల్లారకుండా, ఉన్ని టోపీలో,
ఒక్కో సొర పొట్ట దగ్గర వంగి నిలబడేదాన్ని.
"ఏమంటోంది?" అనడిగేవాడు.
"ఏమీ అనట్లేదు."
మంచి సొర అంటే ఏమీ అననిది.

నాకు తొమ్మిదో ఏడు, ఆగస్టు.
లెవాంతే గాలి మూడు రోజులుగా కొడుతోంది.
ఇంజను ఆగిపోయి,
మధ్యాహ్నం దాకా తీరానికి చేరలేదు మేం.
ఎండలో పదకొండు సొరలు,
మూడింటికి తోక కోయడం మర్చిపోయాడు,
చేతులు నూనెలో ఉన్నాయి మరి.
రేవులో ఆ మూడింటి మీదా వంగాను.
కళ్ళు మండాయి.
తాత వైపు చూశాను.
మెట్ల మీద కూర్చుని
బూటు విప్పడానికి కూడా ఓపిక లేక
దాని వంకే చూస్తున్నాడు.

"ఏమీ అనట్లేదు" అన్నాను.

ఒబ్దూలియా ఆ సాయంత్రమే
తన తావెర్నా నుంచి బుట్ట మోసుకొచ్చి
మా గుమ్మంలో బోర్లించింది.
వీధి పిల్లులు కూడా ఆలోచించి వచ్చాయి.

తాత కొట్టలేదు. తిట్టలేదు.
గుమ్మం కడిగి, చేతులు తుడుచుకుని,
నా ముక్కు చివర వేలితో తాకి
"ఇది నాది. నాకు అరువిచ్చావు.
అరువిచ్చిన దాంతో అబద్ధమాడకు" అన్నాడు.
ఆ చెయ్యి సొర తోలులా ఉంది,
తోక వైపు నుంచి.

ఆదివారాలు తనే వండేవాడు.
వేణ్ణీళ్ళు పోసి, పటకారుతో తోలు లాగి,
తెల్లటి కండని బొటనవేలంత ముక్కలు చేసి,
వెల్లుల్లి, జీలకర్ర, ఒరెగానో,
ఎర్ర మిరప పొడి, బిర్యానీ ఆకు,
ఆపైన హెరెస్ వెనిగరు,
అందరూ గరిటె పోస్తే ఈయన గ్లాసు.
రాత్రంతా నాననిచ్చి, శనగపిండిలో దొర్లించి,
మరిగే ఆలివ్ నూనెలో వేసేవాడు.

పులుపుకి మా దవడలు పట్టేసేవి.
అమ్మ గొణిగేది, నాన్న నీళ్ళు తాగేవాడు.
తాత మాత్రం కళ్ళు మూసుకుని
కరకరమని నమిలేవాడు.
నాకు అర్థమయ్యేసరికి ముప్పై దాటాయి.
జీలకర్ర ఆయన్ని చేరలేదు, వెల్లుల్లి చేరలేదు.
నాలిక మీది పులుపు, ఉప్పు,
చెవిలో ఆ చప్పుడు,
అంతే ఆయన విందు.

ఇప్పుడు పడవ నాది.
తోకలు మర్చిపోను.
నిన్న మా కోడలు మసిలియా, కొత్తగా వచ్చింది కదా,
గిన్నె మీద వంగి ముక్కు ముడిచి
"అత్తా, వెనిగరు మరీ ఎక్కువైందేమో" అంది.

"నీ ముక్కు మంచిది, రేపు పడవకి రా" అని
ఇంకాస్త పోశాను.