నూట ఏడు దగ్గర

లూయిస్ దీవిలో గాలికి సెలవు లేదు.
పొయ్యిలో పీటుగడ్డ మండీ మండక పొగలుతోంది.
రాత్రికొక కీర్తన చొప్పున
మళ్లీ ఇక్కడిదాకా వచ్చాను ప్రభువా,
నూట ఏడుకి.

పదకొండేళ్లుగా ఈ పేజీ దాటేస్తున్నాను.
ఓడలెక్కి వెళ్లినవాళ్లను
వాళ్లు కోరిన రేవుకి చేర్చావట.
తోర్కిల్‌ని చేర్చలేదు.
అతని ఎడమకాలి బూటు మాత్రం
మూడోవారం చేరింది, నిండా నాచుతో.

చర్చిలో ముర్డో ఒక్కడే గొంతెత్తి చరణం అందిస్తాడు.
వెనకాల మేమంతా తలా ఒక దారిన
లేచి, పడి, ఎక్కడో కలుస్తాం.
ఈ కీర్తన వచ్చిన ఆదివారం
నేను ఊరికే పెదవులు కదుపుతాను.
నీకు తెలుసు. పక్కనున్న ఎఫీకీ తెలుసు.
ఏమీ అడగదు,
పుదీనా బిళ్ల ఒకటి నా చేతిలో పెడుతుంది.

నాకు దగ్గరిది ఎనభై ఎనిమిది.
మొరపెట్టి మొరపెట్టి చీకటి దగ్గరే ఆగిపోతుంది.
చివర్న కాస్త ఓదార్పు అతికిద్దామని
ఇన్ని వందల ఏళ్లలో ఎవరికీ తోచలేదా?
తోచే ఉంటుంది.
నువ్వే వద్దన్నావేమో.
ఆ ఒక్క అనుమానం మీదే
ఇన్నాళ్లూ నీతో మాటలు మానలేదు.

ఈ రాత్రి నూట ఏడు చదివాను.
పైకే చదివాను, కుక్క లేచి చూసింది.
రేవు అన్న మాట దగ్గర గొంతు నిలిచిపోయింది.

కొన్ని కీర్తనల్లో సెలా అని ఉంటుంది,
అర్థం పాస్టరుగారికీ రూఢిగా తెలియదు,
కాసేపు ఆగమనేమో అంటారు.
నేను ఆగినచోట అది లేదు.
పెన్సిలు వెతికి తెచ్చి
నేనే రాసుకున్నాను.