కుడివైపున హిమానీనదం

ఇరవై నాలుగు వాయిదాల్లో కొన్న సముద్రం ఇది.
ఏడు కట్టాం.

పుంటా అరేనాస్ రేవులో ఓడ ఎక్కుతుంటే
రిగోబెర్తో నా చెయ్యి పట్టుకున్నాడు,
మెట్లు తడిగా ఉన్నాయని.
కారణం ఏదైతేనేం.
అప్పటికి అది చాలుననుకున్నాను.

సముద్రం కనబడే గది అని రాసి ఉంది కాగితంలో.
తెర లాగితే
కిటికీ నిండా నారింజ రంగు పడవ పొట్ట.
ఓడ మునిగితే దించే పడవట. నెంబరు తొమ్మిది.
నూటయాభై మందికి చోటు అని దాని ఒంటిమీదే రాసుంది.
పైన రెండు వేళ్ల వెడల్పు ఆకాశం,
కింద మూడు వేళ్ల వెడల్పు నీళ్లు.
నేను మోకాళ్ల మీద కూచుని నీళ్లు చూశాను,
అతను మంచమెక్కి ఆకాశం చూశాడు.
డబ్బులిచ్చిన సముద్రాన్ని అట్లా పంచుకున్నాం.

తాల్కాలో ఎవరి తలుపు మొరాయించినా
అర్ధరాత్రయినా మా ఆయనకే కబురు.
చెవి ఆనించి, కళ్లు మూసుకుని, తాళంతో మాట్లాడతాడు.
(నాతో అంత మెల్లగా ఎప్పుడు మాట్లాడాడో గుర్తులేదు.)
ఇక్కడి తలుపు మాత్రం
అతని చేతిలోని ప్లాస్టిక్ ముక్కను చూసి
మూడుసార్లు కన్నెర్రజేసింది.
మీసాలైనా సరిగా రాని కుర్రాడొకడు వచ్చి
వేరే ముక్క తాకించాడు. టిక్‌మంది.
నలభై ఏళ్ల పనితనం
నడవాలో ఆ తివాచీ మీద చేతులు జేబుల్లో పెట్టుకుని
కాసేపు నిలబడిపోయింది.

రెండో రోజు వాన. మూడో రోజు గాలి.
దిగాల్సిన దీవిని దూరం నుంచే దాటేశాం.
నాలుగో రోజు రొయ్యల సూపు.
దాని గురించి ఇంతకంటే చెప్పను.
ఇంట్లో రెండు గదులూ ఒక పెరడూ ఉండేసరికి
మా మౌనానికి కాళ్లు చాపుకునే చోటుండేది.
ఈ అగ్గిపెట్టెలో అది మూడో మనిషై
మా ఇద్దరి మధ్యే పడుకునేది.

అయిదో రోజు పొద్దున్న మైకులో కెప్టెన్ గొంతు:
కుడివైపున, రెండు కిలోమీటర్ల దూరంలో, హిమానీనదం.
మంది మందంతా కుడివైపుకి ఉరికారు.
పొగమంచు.
పాలగిన్నెలో తల ముంచినట్టు పొగమంచు.
అందరూ ఆ తెలుపునే ఫోటోలు తీసుకున్నారు.
కొంకెప్సియోన్ నుంచి వచ్చిన ఒకావిడ
దాన్ని వెనక పెట్టుకుని నవ్వింది కూడా.

అప్పుడు వినబడింది.
ఎక్కడో లోపల
ఒక ఇల్లంత మంచు విరిగి నీళ్లలో పడింది.
ముందు పెళపెళ, తర్వాత చాలాసేపు ఏమీ లేదు,
ఆ తర్వాత
మా కాళ్లకింద ఓడ, నిద్రలో పక్కకి తిరిగిన మనిషిలా
కొంచెం కదిలింది.
రిగోబెర్తో కళ్లు మూసుకున్నాడు.
తల ఒక పక్కకి వంచాడు.
ఆ ముఖం నాకు తెలుసు.
తాళం లోపల ఏదో జారినప్పటి ముఖం.
చలికి నా దవడలు కొట్టుకుంటున్నా
లోపలికి పోదామని అనలేదు.

సాయంత్రం విస్కీలో వేలయేళ్ల నాటి మంచుముక్క అంటూ తెచ్చారు.
ఫ్రిజ్‌లోదే అయ్యుంటుంది, అన్నాడు.
అయ్యుంటుంది, అన్నాను.
అయినా అది కరిగేదాకా ఇద్దరం గ్లాసు ముట్టుకోలేదు.

రాత్రి దీపం ఆర్పాక అడిగాను:
ఓడ మునిగితే నువ్వూ తొమ్మిదో నెంబరేగా?
ఎంతసేపటికీ జవాబు లేదు. నిద్రపోయాడనుకున్నాను.
దాని గొళ్లెం తుప్పు పట్టింది, అన్నాడు చీకట్లో,
పొద్దున్నే చూశాను. నూనె వెయ్యాలి.

ఇప్పుడు ఇంట్లో ఉన్నాం.
పక్కింటి ఎర్మెలిందా గోడ మీంచి అడిగింది
హిమానీనదం ఎలా ఉంది అని.
నీలం, అన్నాడు రిగోబెర్తో, నీలమంటే నీలం.
నేను బట్టలు ఆరేస్తూ
నోట్లో క్లిప్పు ఉందన్న వంకతో
కాదనలేదు.

ఇంకా పదిహేడు వాయిదాలు.