చేతులెత్తిన వారి లెక్క

పలాస నుంచి ఏడు కిలోమీటర్లు,
కాలుతున్న జీడిపిక్క వాసన గొంతు పట్టుకునే చోట
మా పంచాయతీ ఆఫీసు.
మినిట్సు పుస్తకం నాది, పెన్ను నాది,
ఊరు మాత్రం వాళ్లది.

ఆ రోజు తీర్మానం:
పద్నాలుగేళ్ల లోపువాళ్లు జీడి బట్టీ గడప తొక్కరాదు.
దాని కిందే, బడి పంతులు బతిమాలి చేర్పించిన ఇంకో వాక్యం:
పిల్లల సంగతి తేల్చేటప్పుడు
పిల్లల మాట కూడా వినాలి.

మొదటిదానికి ఎవరూ ఉలకలేదు.
అలాంటివి రాజ్యాంగంలో ఎప్పట్నుంచో ఉన్నాయట.
ఉన్నవాటితో ఎవరికి పేచీ?
రెండోది చదివేసరికి కుర్చీలు కిర్రుమన్నాయి.

"గుంటల్నడిగి సంసారం సేత్తామేటి?"
బమ్మిడి తవిటయ్య లేచాడు.
"రేపు కూరేటొండాలో దానికీ ఓట్లెయ్యమంతారు."
నవ్వులు. మైకు కూడా ఓ కూత కూసింది.
బట్టీ యజమాని నవ్వలేదు, మాట్లాడలేదు.
అందరి చేతుల్లోనూ ఉన్న నీళ్ల ప్యాకెట్లు
ఆయన పంపినవే.

అప్పుడు వెనక నుంచి దాలమ్మ.
"మా ఇంటాయన వారానికి రెండు మార్లు
రగతం కడిగించుకోడానికెల్తాడు.
నా గుంట వొలిసిన పిక్కలే ఆటో కిరాయి.
ఆటో మానీసి
హక్కునెక్కి ఎల్లమంతారా ఆస్పత్రికి?"

పంతులు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
నా పుస్తకంలో మూడే గడులు:
అనుకూలం, వ్యతిరేకం, తటస్థం.
ఆమెను ఏ గడిలో కూర్చోబెట్టను?

కిటికీ ఊచల్లోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది.
ఇటుకల మీద నిలబడ్డట్టుంది, గడ్డం వరకే కనిపిస్తోంది.
ఢిల్లేశ్వరి. దాలమ్మ కూతురు. పదకొండేళ్లు.
"నీకు ఓటు లేదమ్మా" అన్నాను.
"ఓటుక్కాదండి. మాటకండి."

బడిలో అంతే కదా, చెయ్యెత్తాకే నోరెత్తాలి.
మేమే మరిచిపోయాం.

"ఆరింటి బస్సు కూడలి కాడే తిరిగెల్లిపోతాదండి.
అది ఊల్లోకొచ్చీసిందనుకోండి, ఆటో అక్కర్నేదు.
ఆటో అక్కర్నేకపోతే
నాను బట్టీకెల్లక్కర్నేదు."

కాసేపు ఫ్యాను చప్పుడు.
ఆ బస్సు వెనక్కి తిరగడం
మేమంతా ఎన్నేళ్లుగా చూస్తున్నాం!
"పెద్దోల్లు మాటాడుకుంతంటే..." అని ఎవరో మొదలెట్టి
పూర్తి చెయ్యలేదు.

చేతులు లెక్కపెట్టాను.
మొదటి వాక్యం నెగ్గింది, ఒక్క చెయ్యీ తగ్గకుండా.
రెండోది ఓడింది. ఇరవై రెండు, ముప్పై నాలుగు.
దాలమ్మ చెయ్యి రెండుసార్లూ ఒళ్లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత సంతకాలు.
గున్నమ్మవ్వ బొటనవేలు సిరాలో ముంచి ఒత్తింది.
పుస్తకంలో నీలం మరక. గీతల్లేవు.
మళ్లీ ఒత్తించాను. మళ్లీ మరకే, నున్నగా,
పలక తుడిచేసినట్టు.
"రేషను మిసనూ ఒప్పుకోదు బావూ, నాను నానని.
ఏడేల్లప్పుడు కూకున్నాను పిక్కల కాడ.
జీడి రసం తినీసింది."
ముప్పై నాలుగులో ఆమె చెయ్యి కూడా ఉంది.
ఆ వేలే ఇది.
లెక్క దిద్దే అధికారం నాకు లేదు.

పుస్తకం మూసే ముందు
చివర మిగిలిన 'ఇతర విషయాలు' కింద
చిన్న అక్షరాలతో రాశాను:
ఆరు గంటల బస్సు ఊళ్లోకి రావలెను.
కోరినవారు: ఢిల్లేశ్వరి.
తండ్రి పేరు అడిగింది గడి. రాశాను.
వయసు అడిగింది. అదీ దాచలేదు.

పుస్తకం మండలానికి వెళ్లి నెల దాటింది.
రోజూ ఆరింటికి కూడలి వైపు చెవి పెడతాను.
హారను వినిపిస్తుంది,
గేరు మార్చిన చప్పుడు వినిపిస్తుంది,
ఆ తర్వాత
ఎటు తిరిగిందో
ఇక్కణ్నుంచి తెలీదు.