ఎడమ జేబు

ముహర్రఖ్ గల్లీల మూడో మలుపు కాడ
ఇస్త్రీ దుకాణం. బయట నలభై ఆరు,
లోపల ఆవిరి.
బూ యాకూబ్ తెల్ల తోబు
బేస్తారం బేస్తారం వస్తది,
ఎడమ జేబుల ఒక చింతగింజతోటి.

ఖర్జూరపు గింజైతే అడుగకపోదును.
ఇది చింతగింజ. అదీ ఒక దిక్కు అరగదీసింది,
మా కోరుట్ల దిక్కు పచ్చీసు ఆడనీకె
బండ మీద అరగదీసినట్టు:
ఈ దిక్కు నలుపు, ఆ దిక్కు తెలుపు.
మలయాళీ కొట్ల చింతపండు దొరుకుతది, నిజమే.
అరగదీసే చెయ్యి ఎక్కడిది?

మొదట్ల నిద్రపట్టలే.
పండ్ల నడుమ ఇరికిన మామిడిపీసు లెక్క
నాలుక పోయి పోయి దానికే తాకేది.

షఫీకుల్‌ను అడిగిన. 'కీ జానీ' అని భుజాలెగరేసిండు.
కుంజుమోన్ 'ఆర్‌క్కరియాం' అని
చాయ్‌ల చక్కెర కలుపుకుంటనే ఉన్నడు.
పెషావర్ డ్రైవర్ 'ఖుదా జానే' అని
పైన ఏసీ దిక్కు చూసిండు.

ఒకసారి ధైర్యం చేసి
గింజను అరచేతుల పెట్టి బూ యాకూబ్‌కే చూపిన.
నాకొచ్చిన అరబ్బీ అంతా మరకలది, దిర్హాములది కాదు, ఫిల్సులది.
కనుబొమ్మలతోటే అడిగిన.
ఆయన గింజను చూసిండు, నన్ను చూసిండు,
'వల్లాహ్...' అన్నడు.
అంతల అజాన్ మొదలైంది.
ఆ ముచ్చట ఆయన వెంట మజీదుకు పోయింది,
మళ్ల రాలే.

అందరి మాటల్ల ఎరుక ఉన్నది,
ఎవలో ఒకలకు ఎరుకే అన్న నమ్మకం.
మన 'ఏమో'ల ఎవలూ లేరు.
'ఏమి' అని అడగబోయి
'ఓ' అని నోరు తెరిచిపెట్టుడు, గంతే.
మా నాయినమ్మ ఏమోనే అనుకుంట
పొయిల కట్టె జరిపేది.
తెల్వనిదాన్ని కొంచెం అటు జరిపి
గటుక ఉడకనిచ్చే మాట అది.

నాలుగేండ్లాయె. నేనూ జరుపుకుంటనే ఉన్న.
గింజ తీస్త, తోబు చేస్త, గింజ పెడత.

మొన్న బేస్తారం
జేబుల రెండు గింజలున్నయి.

బల్ల మీద, ఇంకా సల్లారని బట్ట మీద
ఊకెనే ఏసి చూసిన.
ఒకటి తెలుపు పడ్డది, ఒకటి నలుపు.
పందెం ఎవలదో.
ఏరి, జేబులేసి,
ఇంకో అంగీ అందుకున్న.