ఐదో చేప

హల్ రేవులో వేట పడవలు ఆగిపోయాక
మా పక్కింటి బ్లెంకిన్
పెరట్లో నీళ్ల గొట్టాన్ని పాములా పరిచి
గడ్డి మీద ఓ ఆకారం కట్టాడు.
వాళ్లావిడ మేడ కిటికీలోంచి చూసి
"మూత్రపిండంలా ఉంది" అంది.
మళ్లీ పరిచాడు. ఈసారి బూటు.
మూడోసారికి ఆవిడ కిటికీ మూసేసింది.

మూడడుగుల లోతు.
పైన గడ్డకట్టినా అడుగున బతుకుతాయట.
తవ్వితే బంకమన్ను, పగిలిన పింగాణీ,
యుద్ధంనాటి బాంబు తునక ఒకటి.
దాన్ని కడిగి వంటింటి గూట్లో పెట్టాడు.
పాత తివాచీ, దానిపైన నల్లటి రబ్బరు పట్టా.
అంచు నుంచి అంచుకి చెక్క వేసి
రసమట్టంలో బుడగ నడిమికొచ్చేదాకా
ఊపిరి బిగబట్టాడు.
"నీళ్లకి మొహమాటం లేదు,
గట్టు వేలెడు వంగినా ఊరంతా చాటేస్తాయి."

కుళాయి వాసన పోవడానికి వారం.
అప్పుడొచ్చాయి, సంచిలో ఐదు బంగారు చేపలు.
సంచిని అలాగే నీళ్ల మీద తేల్చి
పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు
లోపలి చలీ బయటి చలీ ఒకటయ్యేదాకా.

ఐస్‌లాండ్ దాకా పోయి
టన్నుల లెక్కన చేపని దించిన మనిషి
ఇప్పుడు రాత్రిళ్లు టార్చి వేసి లెక్కపెడతాడు:
ఒకటి, రెండు, మూడు, నాలుగు...
ఐదోది కలువాకు కింద కదిలేలోపు
టీ చల్లారిపోతుంది.

ఇవాళ పొద్దున షెడ్డు మీద బూడిదరంగు కొంగ.
నేను రాయి కోసం వంగాను.
వద్దన్నాడు.
గుంట మీదికి వల లాగి ముడేశాడు,
చేతులు చూసుకోకుండానే.
తర్వాత తలెత్తి, టోపీ సర్దుకుని
"నువ్వేమనుకుంటున్నావో నాకు తెలుసు"
అన్నాడు కొంగతో.