మెడలో గోలీ

పూర్ణా మార్కెట్ వెనక సందులో
బొడ్డేటి అప్పలకొండ పాత సామాన్ల కొట్టు.
సోడాసీసాని ఎండకెత్తి
"బుడగలు సూడు బాబూ,
ఊదినోడి ఊపిరి" అన్నాడు.

గాజు అతుకుగీత వెంట వేలు నడిపాను.
భుజమెక్కి, మూతికి బెత్తెడు కింద ఆగిపోయింది.
అంటే మూతి చేత్తో తిప్పింది,
పూర్తి మిషను రాకముందుది.
మబ్బుపట్టిన రోజు భీమిలి నీళ్ల రంగు.
పొట్టమీద ఉబ్బెత్తు అక్షరాల్లో
చివరి 'పట్నం' ఒక్కటే అరగలేదు.

సుమారు పందొమ్మిదివందల ఇరవై,
పుస్తకంలో రాసుకున్నాను.

"అది నాకు తెల్దు.
ఈ పెచ్చు మాత్రం బాంబులడ్డ యేడుది.
ఊరు ఊరంతా మూటలు కడతంటే
మా అయ్య, ఏడేళ్లోడు,
గోలీ కోసం రాయెట్టి కొట్టాడు.
రాలేదు."

ఎంతకిస్తావన్నాను.

సీసా వంచాడు.
టక్కుమని గోలీ
మెడకి అడ్డంపడింది.