ఏడున్నరది

సింగ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద
ఇస్త్రీ బల్ల, బొగ్గుల బస్తా, పైడితల్లి.
ఆమెకి టీవీ లేదు.
అయినా ఏడున్నర సీరియల్ సంగతిలో
ఆమె మాటే ఆఖరి మాట.

ఎలాగంటే,
పొద్దున్నే బట్టల మూటలతో పాటు
రాత్రి కథ కూడా మెట్లు దిగి వస్తుంది.
రెండో అంతస్తు వసుంధర గారు చీరలు లెక్కపెడుతూ,
"ఆ కోడలు మరీ మెత్తన. నువ్వు చూడకు పైడితల్లీ,
బీపీ పెరుగుతుంది."
ఫాతిమున్నీసా ఆంటీకేమో ఆ కోడలంటే ప్రాణం:
"నోరు మూసుకోవడం కూడా ఒక జవాబే కదమ్మా."
పోస్టాఫీసులో రిటైరైన సాంబశివరావు గారు
సీరియళ్లు చూడరు.
పేపరు చదువుతుంటే చెవిన పడిందట,
అన్న ఆస్తికి మేనత్త దొంగ సంతకం పెట్టిందని.
"రాసేవాడికి స్టాంపు పేపరంటే ఏమిటో తెలీదు!"
అరగంట తిట్టి
తెచ్చిన చొక్కా ఇవ్వడం మర్చిపోయి వెళ్లిపోతారు.

మధ్యాహ్నానికి పై అంతస్తులకి
ఇస్త్రీ బట్టలతో సలహా చేరేది:
"ఈయేలది సూడొద్దమ్మా, సాగదీత.
రేపటిది వొదలకండి. ఆ పిల్ల నోరిప్పుతాది."
ఇప్పిందో లేదో
ఆమెకి తెలిసేది ఎల్లుండి మూటల్లో.

నేనా?
సీరియళ్లు చూడనని
ఇంటికొచ్చినవాళ్లకి మంచినీళ్లిస్తూనే చెప్పేదాన్ని.

ఆ సెప్టెంబరు ఆదివారం బుడమేరు వచ్చింది.
ఇస్త్రీ బల్ల తేలుతూ గేటు దాకా వెళ్లి
గేటు పట్టుకుని ఆగింది.
డాబా మీద ఇరవై ముగ్గురం.
చచ్చిపోయిన ఫోన్లు, పడవలో వచ్చిన పులిహోర పొట్లాలు,
ఐసు లేని ఐసుపెట్టెలో ఆంటీ ఇన్సులిను.
రెండో రాత్రి చీకట్లో ఎవరో అడిగారు,
టైమెంతయ్యుంటుందని.
రేడియం ముళ్ల గడియారం కళ్ల దగ్గర పెట్టుకుని
"ఏడున్నర" అన్నారు సాంబశివరావు గారు.
ఎవరూ ఏమీ అనలేదు.
కింద నీళ్లలో ఒక గ్యాస్ బండ
గోడకి కొట్టుకుంటోంది.

పైడితల్లి గొంతు సవరించుకుంది.
"సెప్తానుండండి. శనివారం దాకా ఏటయిందంటే..."

కోడలి చేత ఆ రాత్రి మాట్లాడించలేదు.
మర్నాడు రాత్రీ లేదు.
"ఇదేం సాగదీత పైడితల్లీ" అంటే
"మీకెక్కడికైనా ఎల్లే పనుందేటి?" అంది.
నాలుగో రాత్రి మేనత్తని తెచ్చి కూర్చోబెట్టింది.
"ఆయమ్మకి రాతే రాదమ్మా.
సిన్నప్పుడు పలక మీద
అన్న పేరొకటే దిద్దించినారు,
ఆడికి లెక్కల పుస్తకం మోసుకెళ్లాల గదా, అందుకు.
తన పేరు ఎవులూ నేర్పనేదు.
సంతకం పెట్టమంటే మరేటి పెడతాది?"

సాంబశివరావు గారు "అలాగైతే..." అని
అక్కడే ఆగిపోయారు.
వసుంధర గారు చెంగుతో ముక్కు తుడుచుకున్నారు.
"తర్వాత?" అన్నదెవరా అని చూస్తే
నేనే.

నీళ్లు తీసాయి. బురద మిగిలింది.
వీధి పొడుగునా గోడలకి ఆనించిన టీవీలు
ముక్కుల దాకా ఒండ్రు పట్టి
ఎండలో ఆరుతున్నాయి.
వసుంధర గారింటికి కొత్తది వచ్చిన రోజు
అందరం నేల మీద కూర్చుని చూశాం.
మేనత్త నవ్వింది, మూడు వైపుల నుంచి, మూడుసార్లు.
విషం కలిపిన పాయసం. ఉరుము.
"ఈవిడ మన మేనత్త కాదు" అంది ఆంటీ.
వసుంధర గారు రిమోట్ వెతుక్కున్నారు.

ఇప్పుడు రోజూ ఏడున్నరకి నేను టీవీ ముందుంటాను.
పొద్దున్న దిగడానికి బట్టలు లేకపోతే
మడత పెట్టిన చీరే ఒకటి తీసి
రెండు చేతులతో బాగా నలుపుతాను.
"ఇదేటమ్మా, నిన్ననే గదా సేసిచ్చాను?"
అంటూనే పైడితల్లి
బొగ్గులు విసరడం ఆపి
స్టూలు నా వైపు తోస్తుంది.
"సరే, కూసోండి.
ఆళ్లు మళ్లా ఏటి పాడు సేసినారు?"